హారం లేని భిన్నం: ర్యాంకుల ప్రకటనను పదో తరగతి పిల్లలు చదవడం నేర్చుకున్న తీరు

ఏటా జూన్‌లో జేఈఈ, నీట్ ఫలితాలు వెలువడిన మర్నాడు తెలుగు దినపత్రిక తెరిస్తే వార్తల కంటే ముందు ఫొటోలు కనబడతాయి. తపాలా బిళ్ళంత ఫొటో, దాని కింద పిడికిలంత అంకె, ఆ పైన సంస్థ పేరు. టీవీ పెడితే అవే ర్యాంకులను ఊపిరి తీసుకోకుండా ఒకే లయలో చదివే గొంతు వినబడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెరిగే పిల్లలకు ఆ గొంతు ఎక్కాల కంటే ముందే వంటబడుతుంది. సబ్బు ప్రకటన నమ్మి మోసపోతే పోయేది నలభై రూపాయలు. ఈ ప్రకటనను నమ్మి తీసుకునే నిర్ణయానికి మాత్రం పదిహేనేళ్ళ పిల్ల జీవితంలో రెండేళ్ళూ, ఆమె తండ్రి చేసే అప్పూ ముడిపడి ఉంటాయి. అందుకే మా వినియోగదారుల క్లబ్బులో ప్రకటనల పాఠానికి దీన్నే ఎంచుకున్నాను.

నేను ఉమ్మడి గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. క్లబ్బు బాధ్యత కూడా నాదే. 2024-25 విద్యా సంవత్సరంలో మా పదో తరగతిలోని 38 మందితో నవంబరు నుంచి మార్చి దాకా చేసిన పని ఇది. పిల్లలనూ, ఊరినీ, సంస్థలనూ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు తీసివేశాను.

మొదట ఏం కనబడింది

నవంబరులో మా ఊళ్ళోకి పీఆర్వోలు రావడం మొదలవుతుంది. కార్పొరేట్ జూనియర్ కళాశాలల తరఫున సీట్లు నింపే ఉద్యోగులను పల్లెల్లో అందరూ పీఆర్వోలనే అంటారు. పదో తరగతి చదివే పిల్ల ఏ ఇంట్లో ఉందో, తండ్రి ఫోన్ నంబరు ఎంతో వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది. ఆ నెలలో నేను పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, మీకు గుర్తున్న ర్యాంకుల ప్రకటన ఒకటి రాయండన్నాను. దాదాపు అందరూ అంకెల వరుసను రాశారు. కొందరు ఒత్తి పలికే చోట గీత కూడా గీశారు. తర్వాత ఆ ర్యాంకులు ఏ పరీక్షవో, ఏ సంవత్సరానివో, ఎంతమంది రాస్తే వచ్చాయో పక్కన రాయమంటే కాగితాలన్నీ ఖాళీగానే తిరిగి వచ్చాయి. అవే కాగితాల చివర, ఇంటర్మీడియట్ ఎక్కడ చదవాలనుకుంటున్నారన్న ప్రశ్నకు 31 మంది ఆ ప్రకటనల్లో వినే పేర్లే రాశారు.

ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన ఆందోళనే ఈ పనికి మూలం. పిల్లల మనసులో మిగిలింది సమాచారం కాదు, లయ. పదే పదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లోనే లిన్ హాషర్, ఆమె సహచరులు ప్రయోగపూర్వకంగా చూపారు. ర్యాంకుల వరుసను అంత వేగంగా, అన్నిసార్లు చదవడంలోని ఎత్తుగడ అదే. వినేవాడికి ప్రశ్న పుట్టేంత వ్యవధి అందులో ఉండదు.

విఫలమైన మొదటి ప్రయత్నం

మొదటి క్లబ్బు సమావేశంలో నేను నలభై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ప్రకటనలు అబద్ధాలు చెబుతాయనీ, డబ్బు కోసమే వేస్తారనీ, నమ్మవద్దనీ చెప్పాను. పిల్లలు తలలూపారు. వారం తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడిగితే 31 కాస్తా 30 అయింది. తగ్గిన ఆ ఒక్కరూ పాలిటెక్నిక్‌కు వెళదామని ఇంట్లో నిర్ణయించుకున్న అబ్బాయి. అందులో నా ఉపన్యాసం పాత్ర ఏమీ లేదు.

ఎందుకిలా జరిగిందో పిల్లలనే అడిగాను. ఒక అమ్మాయి చెప్పిన జవాబును మాట మార్చకుండా రాస్తున్నాను: "యాడ్‌లు అబద్ధం చెప్తాయని మాకూ తెలుసు సార్. కానీ ఇందులో ఫొటో ఉంది, హాల్‌టికెట్ నంబరు ఉంది. ఇది అబద్ధం ఎలా అవుతుంది?" ఆమె అన్నది నిజం. ఆ ర్యాంకుల్లో చాలావరకు నిజమైనవే. అబద్ధం కోసం వెతకమని నేను నేర్పాను. ఈ ప్రకటన పనిచేసేది మాత్రం నిజాలతో, చెప్పిన నిజాల పక్కన చెప్పకుండా వదిలేసిన నిజాలతో. అనుమానం ఒక్కటే పిల్లలను కాపాడదు. ఎదుటివారు మనల్ని ఒప్పించడానికి ఏ పద్ధతి వాడుతున్నారో తెలిసినప్పుడే మనం దానికి తగ్గట్టు స్పందించగలమని 1994లో మరియన్ ఫ్రీస్టాడ్, పీటర్ రైట్ ప్రతిపాదించారు. ఆ పద్ధతిని నా పిల్లలకు వాళ్ళకు తెలిసిన భాషలో చూపించాలి. గణితం మాస్టారిగా నా దగ్గరున్న భాష భిన్నాలే.

పేపరు, పెన్సిలు

జూన్ 2024 నాటి పాత దినపత్రికలు ఊళ్ళోని కిరాణా కొట్లో తూకానికి దొరికాయి. నలుగురేసి పిల్లలను ఒక జట్టుగా చేసి, జట్టుకొక ర్యాంకుల పేజీ ఇచ్చి, ఇక్కడ కనబడే ప్రతి అంకెనూ లవం అనుకోండి, దాని హారం, అంటే మొత్తం ఎంతమందిలో అన్న సంఖ్య, పేజీలో ఎక్కడుందో వెతికి సున్నా చుట్టండని చెప్పాను. మూడు పీరియడ్లు పట్టింది. నా పదిహేడేళ్ళ బోధనలో పిల్లలు అంత నిశ్శబ్దంగా, అంత పట్టుదలగా పనిచేయడం నేను చూసింది తక్కువ.

హారం ఏ పేజీలోనూ దొరకలేదు. అయితే వెతికే క్రమంలో వాళ్ళు నేను అడగనివి కూడా పట్టుకున్నారు. ఒక పేజీలో మొదటి ర్యాంకు మూడుసార్లుంది. ఒకే పరీక్షలో ముగ్గురికి మొదటి ర్యాంకు ఎలా వస్తుందని ఒక జట్టు చేయెత్తింది. అంకె కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒకదాని దగ్గర ఈడబ్ల్యూఎస్ అనీ, ఇంకోదాని దగ్గర ఓబీసీ అనీ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఉమ్మడి జాబితాతో పాటు ఈడబ్ల్యూఎస్, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల జాబితాలు విడివిడిగా ఉంటాయనీ, ప్రతి జాబితాకూ ఒక మొదటి ర్యాంకు ఉంటుందనీ అప్పుడు వివరించాను. ఆ ర్యాంకు తెచ్చుకున్న బిడ్డ కష్టం ఎవరి కష్టానికీ తీసిపోదని కూడా గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఆ తరగతిలో సగానికి పైగా పిల్లలు ఆ జాబితాల్లోకి వచ్చేవారే. ఇక్కడ తప్పు బిడ్డది కాదు, ఏ జాబితాలోదో చెప్పే మాటను చిన్నదిగా, అంకెను పెద్దదిగా వేసినవారిది.

ఇంకో జట్టు ఫొటోలు లెక్కపెట్టింది. వందలోపు ర్యాంకులు ఇన్ని అని పైన రాసిన సంఖ్యకూ, కింద కనబడే వేర్వేరు ముఖాల సంఖ్యకూ పొంతన లేదు. ఒకే అబ్బాయి ఉమ్మడి జాబితాలో ఒకసారి, తన వర్గం జాబితాలో ఇంకోసారి లెక్కకు వచ్చాడు. మరో రెండు జట్లు తమ పేజీలను పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఒకే అమ్మాయి రెండు వేర్వేరు సంస్థల ప్రకటనల్లో నవ్వుతూ కనిపించింది. ఒకచోట రెండేళ్ళు చదివి, ఇంకోచోట చివర్లో పరీక్షల సిరీస్ మాత్రమే రాసి ఉండవచ్చు. ఏ కోర్సు చదివిందో పేజీలో ఉంటే ఆ ప్రశ్న రాదు.

పర్సెంటైల్ దగ్గర చాలాసేపు ఆగవలసి వచ్చింది. 99 పర్సెంటైల్ అంటే నూటికి 99 మార్కులని తరగతిలో దాదాపు అందరూ అనుకుంటున్నారు. నిజానికి అది పరీక్ష రాసినవారిలో నూటికి 99 మంది స్కోరు ఆ విద్యార్థి స్కోరును మించలేదని చెప్పే అంకె. 2024లో జేఈఈ మెయిన్ రెండు విడతల్లో కలిపి 14,15,110 మంది పరీక్ష రాశారు. అందులో ఒక శాతం ఎంతో లెక్కగట్టమన్నాను. పద్నాలుగు వేలు దాటింది. అంటే 99 పర్సెంటైల్ వచ్చిన విద్యార్థి ముందు సుమారు పద్నాలుగు వేల మంది నిలబడి ఉన్నారన్నమాట. 100 పర్సెంటైల్ అయినా ఒక్కరిది కాదు. ఆ ఏడాది తుది ఫలితాల్లో అది 56 మందికి వచ్చింది, వారిలో 15 మంది తెలంగాణ వారు. నీట్‌లోనైతే జూన్ 4న ఫలితాలు వచ్చినప్పుడు 67 మందికి మొదటి ర్యాంకు ప్రకటించారు. వివాదాలు, పునఃపరీక్ష, జవాబు సవరణ ముగిసి జూలైలో తుది జాబితా వచ్చేసరికి వారు 17 మంది అయ్యారు. జూన్ పత్రికల్లో వేసిన కొన్ని మొదటి ర్యాంకులు జూలైకి మొదటి ర్యాంకులుగా మిగలలేదు. ఆ మార్పును అంతే పెద్ద అక్షరాలతో వేసిన ప్రకటన మా దగ్గరున్న కట్టల్లో ఒక్కటీ లేదు.

చివరగా నల్లబల్ల మీద రెండు ఊహాత్మక కళాశాలలు రాశాను. 'క' కళాశాలలో 20,000 మంది చదివితే 200 ర్యాంకులు, 'గ' కళాశాలలో 60 మంది చదివితే 3 ర్యాంకులు. ప్రకటన వేస్తే ఏది గొప్పగా కనబడుతుంది, చేరితే ఎక్కడ అవకాశం ఎక్కువ? నూటికి ఒకటి, నూటికి అయిదు అని పిల్లలు గబగబా చెప్పారు. ఉపన్యాసం చేయలేని పనిని ఆ రెండు భిన్నాలు చేశాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా ఇదే మాట చెబుతుందని అప్పుడు చదివి వినిపించాను. ఆ చట్టంలోని 2(28) సెక్షన్ ప్రకారం అబద్ధం చెప్పడమే కాదు, ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న శిక్షణ సంస్థల ప్రకటనలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన అభ్యర్థి ఫొటో వేస్తే అతను ఏ కోర్సు చదివాడో, ఎంతకాలం చదివాడో, దానికి ఫీజు కట్టాడో లేదో కూడా చెప్పాలనీ, ఫొటో వాడుకోవడానికి ఫలితం వచ్చాక అభ్యర్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ అందులో ఉంది. సివిల్స్ శిక్షణ సంస్థలు కొన్ని తమ దగ్గర ఉచితంగా ఇంటర్వ్యూ మార్గదర్శనం మాత్రమే తీసుకున్నవారిని తమ పూర్తి కోర్సు విద్యార్థుల్లా చూపడం ఆ మార్గదర్శకాలకు ముందే ఆ ప్రాధికార సంస్థ దృష్టికి వచ్చింది. పిల్లలు పెన్సిలుతో పట్టుకున్నదే ఢిల్లీలో అధికారులూ పట్టుకున్నారని తెలిసినప్పుడు వాళ్ళ ముఖాల్లో వచ్చిన ధీమాను నేను మర్చిపోలేను.

బల్ల మీద పంతొమ్మిది ఉత్తరాలు

డిసెంబరులో ఒక సంస్థ మా మండలంలో 'స్కాలర్‌షిప్ టెస్ట్' పెట్టింది. మా తరగతి నుంచి 19 మంది రాశారు. పది రోజులకు ఉత్తరాలు వచ్చాయి. పై పేరాల్లో మాట్లాడిన అమ్మాయి తనకు అరవై శాతం రాయితీ వచ్చిందనీ, మూడు రోజుల్లో అడ్వాన్సు కట్టకపోతే పోతుందనీ కళ్ళనిండా సంతోషంతో వచ్చి చెప్పింది. నేను ఆమెను నిరుత్సాహపరచలేదు. ఆ మధ్యాహ్నం ఉత్తరాలు వచ్చినవాళ్ళందరూ తెచ్చి బల్ల మీద పరచమన్నాను.

రాసిన 19 మందికీ రాయితీ వచ్చింది. ఒక్కరికీ రాకుండా పోలేదు. గణితంలో ప్రతిసారీ ఇబ్బంది పడే కుర్రాడికీ నలభై శాతం వచ్చింది. అతనే ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నిమిషం నాకు చాలా బాధ కలిగింది. ఆ ఉత్తరం అతనికి ఎవరో మొదటిసారి ఇచ్చిన మెప్పు. అది మెప్పు కాదని అందరి ముందూ తేలిపోయింది. ఇలాంటి పని చేసే ఉపాధ్యాయులు ఆ బాధకు సిద్ధంగా ఉండాలి. ఆ సాయంత్రం అతనితో విడిగా కూర్చుని మాట్లాడాను.

పిల్లలు ఆగలేదు. అసలు ఫీజులు పోల్చారు. అరవై శాతం రాయితీ వచ్చిన అమ్మాయి ఉత్తరంలో అసలు ఫీజు 2,40,000 రూపాయలు, కట్టవలసింది 96,000. నలభై అయిదు శాతం వచ్చిన అబ్బాయి ఉత్తరంలో వేరే బ్యాచి పేరు రాసి అసలు ఫీజు 1,80,000గా చూపారు, కట్టవలసింది 99,000. రాయితీలో పదిహేను శాతం తేడా ఉన్నా కట్టే డబ్బులో తేడా మూడు వేలే. ముందు పెద్ద అంకె చూపి, తర్వాత చెప్పే అంకె చిన్నదనిపించేలా చేసే ఈ ఎత్తుగడను బేరాలు చూసిన ప్రతి తల్లీ చీరల కొట్లో పసిగడుతుంది. అదే తల్లి కళాశాల ఉత్తరంలో దాన్ని పసిగట్టదు, ఎందుకంటే అక్కడ ఆ అంకెకు తన బిడ్డ తెలివి అని పేరు పెట్టారు. హాస్టలు, పుస్తకాలు, కాషన్ డిపాజిట్, బట్టల ఉతుకు ఖర్చు ఏ ఉత్తరంలోనూ లేవు.

మూడు రోజుల గడువు సంగతి దానంతటదే తేలింది. గడువు దాటిన నాలుగో రోజున అదే రాయితీతో అదే పీఆర్వో మళ్ళీ ఫోన్ చేశాడు. లేని తొందరను కల్పించడాన్ని 2023 నవంబరు 30న కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని ఏమార్చే ఎత్తుగడల) మార్గదర్శకాలు ఆన్‌లైన్ వ్యాపారానికి సంబంధించి నిషేధించాయి. యాప్‌లో 'ఇంకా రెండే మిగిలాయి' అని కనబడే ఎర్ర అక్షరాలకూ ఈ ఫోన్‌కూ పోలిక ఏమిటో నేను చెప్పకుండానే పిల్లలు గ్రహించారు.

రామాలయం అరుగు మీద

సంక్రాంతి సెలవుల్లో పక్క ఊరి కుర్రాడు ఒకరు ఇంటికి వచ్చారు. రెండేళ్ళ కిందట ఆయన ఫొటో అలాంటి ఒక ప్రకటనలో వచ్చింది. మా పిల్లల్లో చాలామంది ఆ కళాశాలనే కోరుకోవడానికి ఆయనే కారణం. మనలాంటి ఇంటి నుంచి వెళ్ళినవాడు గెలిచాడంటే ప్రకటన కంటే ఎక్కువ నమ్ముతాం. రామాలయం అరుగు మీద పన్నెండు మంది పిల్లలు ఆయన చుట్టూ చేరారు. నేను పక్కన కూర్చున్నానే తప్ప ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఆ అమ్మాయే అడిగింది: "అన్నా, నువ్వు ఏ బ్యాచ్‌లో చదివావు? ఫీజు ఎంత కట్టావు?"

"నేను ఫీజు కట్టలేదమ్మా. పదిలో మార్కులు చూసి వాళ్ళే ఇంటికొచ్చి సీటిచ్చారు. మా సెక్షన్‌కి చెప్పిన సార్లు మిగతా సెక్షన్లకి వెళ్ళేవాళ్ళు కాదు. నేను కష్టపడ్డాను, వాళ్ళూ బాగా చెప్పారు. మిగతా సెక్షన్ల సంగతి మాత్రం నాకు నిజంగా తెలియదు."

ఆయన నిజాయితీకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అంతవరకు పిల్లలకు హారం ఒక్కటే కనిపించింది. ఆ మాటతో దాని కంటే లోతైనది అర్థమైంది: ప్రకటనలో కనబడే విద్యార్థికి అందిన చదువూ, ప్రకటన చూసి చేరే విద్యార్థికి అమ్మే చదువూ ఒకటే కాకపోవచ్చు. నల్లబల్ల మీద 'గ' కళాశాలకు నేను వేసిన అయిదు శాతం కూడా, ఆ అరవై మందిని ఎలా ఎంచుకున్నారో తెలియకపోతే అసంపూర్ణమేనని ఒక అబ్బాయి తిరుగుదారిలో అన్నాడు. ఆ దిద్దుబాటు నాకు అవసరమైనదే.

ఇంటి వాకిట్లో

ఆ అమ్మాయి తండ్రి మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. ఆ ఏడాది ధర పడిపోయింది. అడ్వాన్సు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తేవాలని ఆయన ఆలోచన. ఏడాదికి వడ్డీయే ఇరవై నాలుగు వేలని కూతురు కాగితం మీద చూపించింది. నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన అన్న మాట ఇది: "మాస్టారూ, లెక్క నాకూ తెలుసండి. అందరూ చేర్పిస్తున్నారు. రేపు నా పిల్ల వచ్చి, నాన్నా నువ్వు నన్నెందుకు చేర్చలేదని అడిగితే ఏం చెప్పమంటారు?"

ఈ ప్రశ్నకు నా భిన్నాల్లో జవాబు లేదు. పీఆర్వో ఆ వాకిట్లోనే మంచం మీద కూర్చుని, అన్నా అని పిలిచి, మీ పాపలో ఐఐటీ లక్షణాలున్నాయని చెప్పి వెళ్ళాడు. ర్యాంకుల ప్రకటన చూసేది పిల్లలే అయినా అది తగిలేది తండ్రి గుండెకు, తన పేదరికం వల్ల బిడ్డకు అన్యాయం జరుగుతుందేమోనన్న భయానికి. ఆ భయాన్ని తీర్చినది కూతురే. "నేనడగను నాన్నా. నేనే చూసి చెప్తున్నాను కదా" అంది.

తర్వాత ఆమె, మరో ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి పీఆర్వోకు ఒక కాగితం రాశారు. నేను చేరబోయే క్యాంపస్ నుంచి నిరుడు ఎంతమంది పరీక్ష రాశారు, వారిలో ఎంతమందికి ఏ జాబితాలో ఏ ర్యాంకు వచ్చింది, నన్ను ఏ బ్యాచ్‌లో వేస్తారు, రెండేళ్ళకు అన్నీ కలిపి మొత్తం ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అని అందులో ఉంది. జవాబు రాసి సంతకం పెట్టమన్నారు. ఆయన రెండింటికి నోటితో జవాబు చెప్పారు. రాసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడాన్నే పిల్లలు జవాబుగా తీసుకున్నారు. ఆ అమ్మాయి ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష రాసి ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలలో సీటు తెచ్చుకుంది.

ఏం మిగిలింది, ఏం మిగల్లేదు

మార్చి 17న పబ్లిక్ పరీక్షలు మొదలయ్యే ముందు చివరిసారి అదే ప్రశ్న అడిగితే, ప్రకటనల్లో వినే కళాశాలల పేర్లు రాసినవారు 18 మంది. చివరకు చేరినవారు 14 మంది. నా లక్ష్యం ఈ సంఖ్యను సున్నా చేయడం కాదు. కొందరికి ఆ కళాశాల సరైనదే కావచ్చు. తెలిసి చేరారా లేదా అన్నదే నేను చూసింది. ఆ 14 మందిలో తొమ్మిది మంది తల్లిదండ్రులు మొత్తం ఖర్చును ముందే కాగితం మీద రాయించుకున్నారు.

ఈ చూపు వేరే ప్రకటనలకు మళ్ళిందా అని కూడా గమనించాను. ఫిబ్రవరిలో ఒకరు జ్ఞాపకశక్తి పెంచుతుందని రాసి ఉన్న పాలపొడి డబ్బా తెచ్చి, ఎవరితో పోలిస్తే, ఎంతమందిలో అని తమంత తామే అడిగారు. వెనకవైపు పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్న నియమం చెప్పగానే చక్కెర ఎక్కడుందో వెతికారు. లేబుల్ చదవమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉన్నదని చెప్పాను. అంతకు మించి నేను చేయవలసింది లేకపోయింది.

రీల్స్ దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. ఒక కళాశాల విద్యార్థిని తన హాస్టలు గది, భోజనం, స్నేహితులను చూపుతూ పెట్టిన వీడియోను మా పిల్లలు ప్రకటనగా చూడలేకపోయారు. డబ్బో, మరే ప్రయోజనమో తీసుకుని చెప్పేవారు ఆ సంగతి స్పష్టంగా వెల్లడించాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. ఆ వీడియోలో అలాంటి మాట ఏదీ లేదు, కాబట్టి అది ఊరికే పెట్టిందో, పెట్టించిందో మాకెవరికీ తేల్చుకునే దారి లేకపోయింది. పేపరు మీద పెన్సిలు పెట్టగలిగినట్టు రీల్ మీద పెట్టలేం. దానికి తగిన అభ్యాసం నా దగ్గర ఇంకా తయారు కాలేదు. రెండో లోపం కాలం. పదో తరగతి నవంబరు అంటే ఆలస్యం, అప్పటికే ఇళ్ళల్లో మాటలు ముగిసి ఉంటాయి. మరుసటి సంవత్సరం ఎనిమిదో తరగతి నుంచే పేపరు, పెన్సిలు మొదలుపెట్టాను.

నలభై శాతం రాయితీ ఉత్తరాన్ని జేబులో పెట్టుకున్న కుర్రాడు ఆ సంస్థలోనే చేరాడు. ఆగస్టులో ఒక ఆదివారం హాస్టలు నుంచి ఫోన్ చేశాడు. తమ సెక్షన్‌లో 62 మంది ఉన్నారనీ, గణితం సార్ బాగానే చెబుతున్నారనీ అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "మన క్యాంపస్ నుంచి నిరుడు మొత్తం ఎంతమంది రాశారని ప్రిన్సిపాల్ గారిని అడిగాను సార్. చూసి చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు. వచ్చే వారం మళ్ళీ అడుగుతాను" అన్నాడు.